తెలిసినవాళ్లు ముట్టుకోరాదు

అరుగు పుట్టింది సూరిబాబు విసుగులోంచి.

సూరిబాబు కాకినాడ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చరిత్ర లెక్చరరు. పుట్టుకతో చూపు లేదు. పాఠానికి కావలసినవన్నీ కంప్యూటరు పైకి చదివి వినిపిస్తుంటే విని బుర్రలో పెట్టుకునేవాడు. వచ్చిన చిక్కల్లా ఆ కంప్యూటరుకి ఇంగ్లీషు తప్ప ఇంకేదీ రాకపోవడం. కాకతీయుల దగ్గరికి రాగానే నోట్లో గులకరాళ్లు వేసుకున్నట్టు మాట్లాడేది. తెలుగు ఎప్పుడు నేర్పుతారయ్యా అని కంపెనీకి రాస్తే, మీ సూచన మాకెంతో విలువైనది అని జవాబు వచ్చింది. మూడేళ్లపాటు ఆ సూచన విలువ పెరుగుతూనే ఉంది గానీ తెలుగు మాత్రం రాలేదు.

ఆయన భార్య భ్రమరాంబ ప్రోగ్రాములు రాసే మనిషి. మొగుడి విసుగు వినీ వినీ ఆవిడకి ఒళ్లు మండింది. మరో ముగ్గురు స్నేహితులతో కలిసి, మసీదు సెంటర్లో ఒక జెరాక్స్ షాపు మేడమీద గది తీసుకుని, ఏకంగా ఒక డెస్క్‌టాప్ తయారు చేసింది. డెస్క్‌టాప్ అంటే కంప్యూటరుకి ముఖం లాంటిది. తెరవగానే కనిపించే బొమ్మలూ కిటికీలూ మీటలూ అన్నీ అందులోవే. వాళ్లు చేసిన ముఖానికి తెలుగులో చక్కగా చదివే నోరు కూడా ఉంది. దానికి అరుగు అని పేరు పెట్టి ఊరందరికీ ఊరికే ఇచ్చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా చేశారో విప్పి చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికీ పంచొచ్చు. ఇదంతా ఎందుకని అడిగినవాళ్లకి భ్రమరాంబ ఒకటే మాట చెప్పేది. "కంప్యూటరు దాని ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినాలండి. అంతే."

ఇంత తేలిగ్గా ఒక్క ముక్కలో తేలిపోయే పనిని ప్రభుత్వం ఎలా చూస్తూ ఊరుకుంటుంది? అరుగు బాగుందని నలుగురూ అనుకునేసరికి అది ప్రభుత్వం చెవిన పడింది. వెంటనే అరుగు అభివృద్ధి మండలి ఏర్పడింది. దానికి భానుగుడి దగ్గర రెండంతస్తుల భవనం, తొమ్మిదిమంది సభ్యులు, ఒక చైర్మను, చైర్మనుకి ఒక కారు వచ్చాయి. ఆఫీసుల్లో, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో ఇకమీదట మండలి ముద్ర ఉన్న అరుగే వాడాలనీ, మండలి చేసిన మార్పు ఏదైనా ఆ రాత్రికల్లా అన్ని కంప్యూటర్లలోకీ దానంతటదే దిగాలనీ ఉత్తర్వు కూడా వచ్చింది. భ్రమరాంబ సంతోషించింది. పాపం, అప్పటికి ఆవిడకి మండలులతో పరిచయం లేదు.

చైర్మన్ దండు సదాశివరావు గారు చాలా శాఖల్లో చాలాకాలం పనిచేసి, ఏ శాఖలోనూ ఒక్క మాట కూడా వాడుక భాషలో మాట్లాడకుండా రిటైరైన మనిషి. మొదటి సమావేశంలో ఆయన కళ్లజోడు తుడుచుకుని గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా! ఏ ప్రాజెక్టుకైనను మూల ప్రయోజనము అనునది ఒకటి ఉండవలెను. అరుగు యొక్క మూల ప్రయోజనము నేను లోతుగా పరిశీలించితిని. 'ఎవరైనా మార్చుకోవచ్చు' అని ఇందు స్పష్టముగా ఉన్నది. అమ్మా భ్రమరాంబగారూ, ఇంతవరకు దీనిని మార్చినది ఎవరు?"

"మేం నలుగురం అండి. తర్వాత శ్రీకాకుళం నుంచి ఒకావిడ, ఖమ్మం నుంచి ఇద్దరు కుర్రాళ్లు..."

"వారికి ప్రోగ్రాములు వ్రాయుట వచ్చునా?"

"వచ్చండి. రాకపోతే ఎలా మారుస్తారు?"

చైర్మన్ గారు జాలిగా నవ్వారు. "అచ్చటనే ఉన్నది దోషము. వచ్చినవారు మార్చినచో అందు విశేషమేమి? ఈత వచ్చినవాడు గోదావరి దాటుట వార్త అగునా? 'ఎవరైనా' అనుటకు నిదర్శనము కావలెనన్న, రానివారు మార్చవలెను. వచ్చినవారు మార్చుచున్నంతకాలము రానివారి హక్కును వారు కబళించుచున్నట్లే."

సభ్యులు బల్లలు చరిచారు. ఆ సాయంత్రమే కార్యదర్శి హైమవతి ఉత్తర్వు టైపు చేయించింది. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సామాన్యుని స్వేచ్ఛను పరిరక్షించు నిమిత్తము, ప్రోగ్రామింగు తెలిసిన వ్యక్తులు అరుగును మార్చుట తక్షణము నిషేధించబడినది. భవనం గుమ్మం మీద బోర్డు కూడా పెట్టారు: 'తెలిసినవాళ్లు ముట్టుకోరాదు.' కరెంటు ఆఫీసుల్లో ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పెట్టే బోర్డులాగే ఉంది, పుర్రె బొమ్మ ఒక్కటే తక్కువ. భ్రమరాంబకి మాత్రం అన్యాయం చెయ్యలేదు. ఆవిడకి శాలువా కప్పి, గౌరవ వ్యవస్థాపకురాలు అని పేరు పెట్టి, కంప్యూటరు ఏదీ చేతికందనంత దూరంలో ఒక కుర్చీ వేయించారు.

ఇక ఏమీ తెలియనివాళ్ల కోసం వేట మొదలైంది. కాకినాడలో ఆ సరుకుకి కొరత లేదు గానీ, తమకి ఏమీ తెలియదని ఒప్పుకునేవాళ్లు దొరకడం కష్టమైంది. చివరికి మొదటి మార్పు చేసే అదృష్టం ఒక కాజాల షాపు యజమానికి దక్కింది. తాము ముట్టుకోకుండా దారి మాత్రం చూపించే మండలి సహాయకులు చెప్పినట్టు నొక్కి, ఆయన కిటికీ మూసే మీటని మూలలోంచి తీసి పదహారు మీటల మధ్య దాచేశాడు.

"మరేనండి," అన్నాడు విలేకరులతో. "గిరాకీ లోపలికొచ్చాక బయటికెళ్లే దారి అంత తేలిగ్గా కనపడకూడదండి, ఆయ్."

రెండోవాడు వాస్తు పండితుడు. చెత్తబుట్ట ఆగ్నేయంలో ఉందని అదిరిపడి, దాన్ని నైరుతికి మార్చాడు. అక్కడ అప్పటికే గడియారం ఉండటంతో టైము చూద్దామని నొక్కినవాళ్ల ఫైళ్లన్నీ చెత్తలో పడ్డాయి. మండలి దాన్ని కూడా చప్పట్లతో ఆమోదించింది. అయ్యా, కాస్త సరిచేసిపోండి అని మర్నాడు కబురు పెడితే, ఆయన వచ్చాడు గానీ హైమవతి గుమ్మం దగ్గరే ఆపేసింది.

"మీరు నిన్న మార్పు చేశారు కదండీ. చేసినవారికి చేయుట తెలిసినట్లే. తెలిసినవారు ముట్టుకోరాదు."

ఆ విధంగా ఒక్కొక్కరు ఒక్కొక్క గడబిడ చేసి, చేసిన మరుక్షణమే దాన్ని సరిచేసే అర్హత పోగొట్టుకుని వెళ్లిపోసాగారు. భ్రమరాంబ తన కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తూ శాలువా అంచు నలుపుకునేది. నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. ఎలాగూ గడియారంతోనూ చెత్తబుట్టతోనూ సూరిబాబుకి పనిలేదు, ఆయన వినేవాడే గానీ చూసేవాడు కాదు అని సర్దిచెప్పుకునేది.

ఆ సర్దుబాటు కూడా ఎన్నాళ్లో నిలవలేదు. రిటైరైన డిపో మేనేజరు కన్నారావు గారి వంతు వచ్చింది. ఆయన రోజూ మధ్యాహ్నం జిల్లా గ్రంథాలయంలో కునుకు తీసే మనిషి. అక్కడ చూపులేని పాఠకుల కోసం అరుగు పైకి చదువుతుంటే ఆయనకి నిద్రాభంగమయ్యేది. "ఎక్కడ నొక్కితే దీని నోరు పడిపోద్దయ్యా?" అని సహాయకుణ్ణి అడిగాడు. వాడు చూపించాడు. ఆయన నొక్కాడు. నోరు పడిపోయింది. మండలి పత్రికా ప్రకటనలో దీన్ని నిశ్శబ్ద విప్లవం అన్నారు.

మర్నాడు సూరిబాబు క్లాసులో మీట నొక్కాడు. కంప్యూటరు పలకలేదు. మళ్లీ నొక్కాడు. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. ఆ గంట ఎలాగో నోటికి వచ్చింది చెప్పి గట్టెక్కాడు గానీ, ప్రిన్సిపాలు గదిలోంచి కబురొచ్చింది.

"నాకూ బాధగానే ఉంది సూరిబాబు గారూ. మండలి ముద్ర లేని పాత అరుగు కాలేజీలో పెట్టనివ్వరు. ఒకటో తారీకులోగా ఇది మాట్లాడితే సరి. లేకపోతే మీ క్లాసులు వేరేవాళ్లకిచ్చి, మిమ్మల్ని హాస్టల్ మెస్ పర్యవేక్షణకి వెయ్యాల్సి వస్తుంది."

ఇంటికొచ్చి సూరిబాబు చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"మెస్సులో నేనేం చూడాలే భ్రమరా? సాంబారు పల్చగా ఉందో లేదో చూడాలా? ఇరవయ్యేళ్లు పాఠం చెప్పాను. నా గొంతు వింటే యుద్ధాలు కళ్లకి కట్టినట్టుంటాయంటారు పిల్లలు. అది కూడా లేకపోతే నేనింకెందుకూ?"

భ్రమరాంబ ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "ప్రోగ్రాములో ఒక్క వరస రాస్తే మళ్లీ మాట్లాడుద్దండి. ఒక్కటంటే ఒక్కటే. నేను పోయి అడుగుతాను."

అడిగింది. రానివారు మాత్రమే మార్చవలెనని హైమవతి రూలు చూపించింది. "అయితే నాకేమీ రాదని రాసుకోండి," అంది భ్రమరాంబ. దానికీ ఒక పద్ధతి ఉంది. అజ్ఞాన పరీక్ష పెట్టి, చైర్మన్ గారు స్వయంగా నిర్ధారించాలి. సరేనని ఆవిడ ఆయన ఎదుట కూర్చుంది.

"కంప్యూటరునకు వైరసు సోకినచో ఏమి చేయవలెను?"

"వేపాకు పొగ వెయ్యాలండి."

"భేష్. దీని జ్ఞాపకశక్తి పెరుగుటకు?"

"సరస్వతీ లేహ్యం అండి."

చైర్మన్ గారి ముఖం వెలిగింది. మూడో ప్రశ్న వేయడానికి ఆయన తన కంప్యూటరులో చూడబోయారు. అది బిగుసుకుపోయి ఉంది. ఆయన కీబోర్డు మీద దబదబా బాదారు. తెరని తట్టారు. మౌసుని ఎత్తి దులిపారు. భ్రమరాంబ కళ్లు మూసుకుంది, పళ్లు బిగించింది, ఇష్టదైవాన్ని తలుచుకుంది. కానీ చెయ్యి ఉందే, అది ఇరవయ్యేళ్లుగా ఆవిడ మాట వినకుండా పనిచెయ్యడానికి అలవాటుపడిన చెయ్యి. అదే లేచి వెళ్లి రెండు మీటలు కలిపి నొక్కింది. కంప్యూటరు నిమ్మళంగా తెరుచుకుంది.

చైర్మన్ గారు చేతిలోని మౌసుని మెల్లగా బల్ల మీద పెట్టారు.

"అమ్మా," అన్నారు చైర్మన్ గారు చివరికి, నిజమైన విచారంతో. "తమ నోరు ఉత్తీర్ణమైనది. చెయ్యి తప్పినది."

ఆ సంగతి విని సూరిబాబు చాలాసేపు నవ్వాడు. నవ్వి, నల్ల కళ్లజోడు తీసి పక్కన పెట్టి అన్నాడు: "నేను వెళ్తాను. ప్రోగ్రాములంటే నాకు ఓనమాలు రావు. నా అంత అర్హుడు జిల్లాలో దొరకడు."

"రాకుండా ఎలా మారుస్తారండీ?"

"ఏ రాజు ఏ ఏడు ఎక్కడ చచ్చాడో నాకు నోటికి వచ్చు. నీ ఒక్క వరస రాదా? చెప్పు, బట్టీ పడతాను."

భోజనాల బల్ల మీద పాత కీబోర్డు పెట్టి భ్రమరాంబ నేర్పింది. ఏ వేలు ఎక్కడ, ఏ మీట తర్వాత ఏ మీట. ఏది ఎందుకో ఆయన అడగనూ లేదు, ఆవిడ చెప్పనూ లేదు. చెప్తే తెలిసిపోతుంది. ఒక్కటి మాత్రం ఆవిడ తన కసి కొద్దీ కలిపింది. ఇంకోసారి ఎవరూ నోరు మూయించకుండా, గొంతు తగ్గించకుండా ఆ వరస చివర ఒక తాళం వేసింది. కన్నారావు గారి కునుకు తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ఆ తాళం ఇంకాస్త ముద్దొచ్చేది.

అజ్ఞాన పరీక్షలో సూరిబాబు అందరినీ మించిపోయాడు. కంప్యూటరు ఎట్లుండునని అడిగితే, "తెలీదండి, నేనెప్పుడూ చూళ్లేదు," అన్నాడు. చైర్మన్ గారు కళ్లు తుడుచుకున్నారు. ఇంతటి స్వచ్ఛమైన అభ్యర్థి మండలి చరిత్రలో రాలేదనీ, ఇతని మార్పు బహిరంగంగా జరగాలనీ తీర్మానించారు. సూర్యకళామందిరంలో మార్పు మహోత్సవం ఏర్పాటైంది. వేదిక మీద చైర్మన్ గారి సొంత కంప్యూటరు, వెనక పెద్ద తెల్ల తెర, రెండు పక్కలా పెళ్లి ఊరేగింపుల్లో పెట్టేటంత స్పీకర్లు. తెలిసినవాళ్లని మాత్రం వెనక తాడు కట్టి దాని అవతల నిలబెట్టారు. భ్రమరాంబ ఆ తాడు పట్టుకుని నిలబడింది.

సూరిబాబు వేదిక ఎక్కాడు. కీబోర్డు తడిమి చూసుకుని మొదలుపెట్టాడు. వేళ్లు గబగబా పరిగెత్తాయి. సగంలో ఆగాయి. ఆయన మరిచిపోయాడని భ్రమరాంబకి ఒక్కదానికే తెలుసు. అరిచి చెప్పడానికి లేదు. చెప్తే ఆయన తెలిసినవాడైపోతాడు, మెస్సుకి పోతాడు. సూరిబాబు తల కొంచెం పక్కకి వంచి, పెదవులు కదుపుతూ, మొదటినుంచీ మళ్లీ అప్పజెప్పుకున్నాడు. వేళ్లు కదిలాయి. చివరి మీట నొక్కాడు.

"నమస్కారం," అంది అరుగు, హాలు దద్దరిల్లేలా. నోరు తెరవగానే దానికి అలవాటైన పని మొదలుపెట్టింది. చైర్మన్ గారి కంప్యూటరులో ఇంకా మూయకుండా ఉన్న కిటికీలన్నీ వరసగా చదవసాగింది. "పేకాట. కార్యాలయ సమయంలో ఆడిన ఆటలు నాలుగు వేల రెండు వందలు. గెలిచినవి పదకొండు. ఇస్పేటు రాణిని ఎక్కడ వేయాలో తెలియక ఆట ఆగి ఉంది. సలహా కావాలా?"

చైర్మన్ గారు మూసే మీట కోసం వెతికారు. అది పదహారు మీటల మధ్య ఎక్కడో ఉంది. గొంతు తగ్గించే మీట నొక్కారు. తగ్గలేదు. "సలహా కావాలా?" అని అరుగు మర్యాదగా మళ్లీ అడిగింది. మంత్రిగారి తరఫున వచ్చిన అధికారి సీలింగ్ ఫ్యాన్ వంక చూస్తూ ఉండిపోయాడు.

కానీ చైర్మన్ గారు ముప్ఫై ఐదేళ్లు ప్రభుత్వంలో మునిగి తేలిన మనిషి. మైకు అందుకున్నారు.

"సభాసదులారా! చూచితిరా? ప్రోగ్రాము తెలియని, తెర కానరాని సామాన్యుడు సైతము అరుగును మార్చగలిగెను! 'ఎవరైనా' అను మాట నేడు ఋజువైనది. మూల ప్రయోజనము సంపూర్ణముగా నెరవేరినది. నెరవేరిన ప్రయోజనమును ఇంకను నెరవేర్చుట నిధుల దుర్వినియోగము అగును. కావున నేటినుండి అరుగును ఎవరును మార్చరాదు."

చప్పట్లు మారుమోగాయి. అలా, ఎవరైనా మార్చుకోవచ్చు అని పుట్టిన అరుగు, ఎవరూ మార్చకూడనిదై స్థిరపడింది. చివరి మార్పు సూరిబాబుది కాబట్టి ఆయన గొంతు ఆయనకి మిగిలింది. ఒకటో తారీకున ఆయన ఠీవిగా క్లాసుకి వెళ్లి పాఠం మొదలుపెట్టాడు. ఆ రోజు భ్రమరాంబ ఒక్కతే ఇంట్లో కూర్చుని తృప్తిగా ఏడ్చింది.

మిగతా రాష్ట్రం కథ వేరు. ప్రతి ఆఫీసులోనూ అరుగు తెరమీద ఉన్నదల్లా పూర్తి గొంతుతో చదివేస్తోంది. ఒక తాసిల్దారు గారు రైతు గోడు వింటూ గోవా హోటళ్లు చూస్తున్న సంగతి ఆ రైతుతో సహా అందరికీ తెలిసింది. ఒక డాక్టరు గారు ఈ రోగానికి మందేమిటని వెతకడం ఎదుట కూర్చున్న రోగి విన్నాడు. ఇంకోచోట ఒక పిల్ల జబ్బు సంగతి వరండాలో కూర్చున్నవాళ్లందరి చెవినా పడింది. ఆ మాట పేపర్లో చదివాక భ్రమరాంబ నవ్వు మానేసింది.

"ఏవే," అన్నాడు సూరిబాబు నెమ్మదిగా. "ఎదురుగా కూర్చున్నవాడి మాట వినాలన్నది నువ్వే కదా? నా కంప్యూటరు నా మాట వింటోంది. వాళ్లది వాళ్ల మాట వినట్లేదు. తాళం వేసింది నువ్వే."

నిజం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కన్నారావు గారు ఒకరి నోరు మూయించాడు, తను అందరి చెవుల్లో దూరింది. ఇందులో పెద్ద తేడా ఏమీ లేదని ఆవిడకి సిగ్గేసింది.

ఆదివారం పొద్దున్నే చైర్మన్ గారు కారు సందు చివర ఆపించి, కాజాల పొట్లం పట్టుకుని నడిచి వచ్చారు. మనిషి సగమయ్యారు.

"అమ్మా, ఇంటిలో కూడా నేను ఆ కంప్యూటరునే వాడుచున్నాను. మొన్న మా ఆవిడ ఎదుట ఆ పదకొండు గెలుపుల సంగతి చదివినది. ఏదేని ఉపాయము..."

"ఉందండి. మాట్లాడమంటావా వద్దా అని అదే అడిగేలా ఒక మీట పెడతాను. కావలసినవాళ్లు మాట్లాడించుకుంటారు, వద్దన్నవాళ్లు ఆపుకుంటారు. ఎవరి కంప్యూటరు వాళ్లిష్టం. కానీ నేను తెలిసినదాన్ని కదండీ, ముట్టుకోకూడదు. ముందు ఆ రూళ్లు రెండూ ఎత్తేయండి. తెలిసినవాళ్లు ముట్టుకోకూడదన్నదీ, ఎవరూ మార్చకూడదన్నదీ."

చైర్మన్ గారు ఆలోచనలో పడ్డారు. "ఎత్తివేయవచ్చును. కాని దేనినైనను మార్చువారికి ఆ విషయము తెలిసి ఉండరాదు కదమ్మా. రూలును మార్చుటకైనను అదే నియమము."

భ్రమరాంబ నీరుగారిపోయింది. "అయితే ఇంక దారి లేనట్టే."

"అయ్యో, అధైర్యపడకుము తల్లీ!" అని చైర్మన్ గారు కాజాల పొట్లం బల్ల మీద పెట్టి ఆవిడకి ధైర్యం చెప్పారు. "అచ్చట మనకు ఏ ఇబ్బందియు లేదు. మా సభ్యులలో ఆ రూళ్లు చదివినవారు ఒక్కరును లేరు."

"మీరు వాటి మీద సంతకం పెట్టారు కదండీ?"

"పెట్టితినమ్మా," అన్నారాయన నిబ్బరంగా. "చదివి పెట్టి ఉండినచో నాకును అర్హత పోయి ఉండెడిది."